ఉన్న డేటాబేస్ దొరకనప్పుడు

హైదరాబాదు నుంచి షోలాపూర్ మీదుగా పుణెకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు కాస్త ఇవతల ఉన్న జహీరాబాద్ చెరకుకూ అల్లానికీ ఆలుగడ్డకూ పేరుపడిన ఊరు. మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం వచ్చాక దానికి పారిశ్రామిక పట్టణమన్న గుర్తింపు కూడా తోడైంది. ఇటువంటి ఊళ్లో కాటా దగ్గర బండి బరువు నమోదు చేయడం మొదలు ఎరువుల దుకాణంలో బిల్లు కొట్టడం దాకా అనేక పనుల వెనక ఒక డేటాబేస్, అంటే సమాచారాన్ని పట్టికలుగా భద్రపరచి అడిగినప్పుడు అడిగినంత మేరకు తీసి ఇచ్చే వ్యవస్థ, నడుస్తూ ఉంటుంది. డేటాబేస్ ఒకచోట, దాన్ని వాడుకునే ప్రోగ్రాం వేరొకచోట ఉంటాయి కాబట్టి ఆ రెంటినీ కలిపే అమరిక ఒకటి కావాలి. సర్వర్ మార్చినప్పుడో, పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టినప్పుడో ముందుగా చెడేది చాలాసార్లు ఈ అమరికే. డేటాబేస్ చెక్కుచెదరదు, నెట్‌వర్క్ బాగానే ఉంటుంది, ప్రోగ్రాం కూడా తెరుచుకుంటుంది. అయినా డేటాబేస్ దొరకడం లేదన్న సందేశం తెర మీదికి వస్తుంది.

ఈ చిక్కు ఇటీవల చిన్న ఊళ్ల దుకాణాలకూ పాకడానికి కారణం లేకపోలేదు. విండోస్ 10లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలు ఉండేవి. 2021లో వచ్చిన విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. సర్వర్ల విషయంలో ఈ మార్పు అంతకు చాలా ముందే, 2009లో వచ్చిన విండోస్ సర్వర్ 2008 ఆర్2తోనే పూర్తయింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసిపోవడంతో, పదేళ్లుగా కదలకుండా పడి ఉన్న 32 బిట్ కంప్యూటర్ల స్థానంలోకి 64 బిట్ యంత్రాలు వచ్చాయి, వస్తున్నాయి. వాటి మీద నడవవలసిన ప్రోగ్రాంలు మాత్రం పాతవే.

కంప్యూటర్ జ్ఞాపకశక్తిలోని ప్రతి చిన్న అరకూ ఒక సంఖ్యే చిరునామా. ఆ చిరునామా రాయడానికి ప్రాసెసర్ ఎన్ని సున్నాలూ ఒకట్లూ వాడగలదన్నదే స్థూలంగా ఈ బిట్‌ల లెక్క. 32 బిట్లతో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలు మాత్రమే సాధ్యం, అంటే 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి. అందులోనూ విండోస్ మామూలుగా ఒక్కో 32 బిట్ ప్రోగ్రాంకు సగం, అంటే 2 గిగాబైట్లే విడిచిపెడుతుంది. డేటాబేస్‌లు పెరిగేకొద్దీ ఈ హద్దు ఇరుకైంది. 2003 ఏప్రిల్‌లో ఏఎండీ సంస్థ ఆప్టెరాన్ అనే ప్రాసెసర్‌ను విడుదల చేసినప్పుడు అందులోని విశేషం 64 బిట్ సామర్థ్యం ఒక్కటే కాదు, పాత 32 బిట్ ప్రోగ్రాంలను కూడా వేగం తగ్గకుండా నేరుగా నడపగలగడం. అంతకు రెండేళ్ల ముందు ఇంటెల్ తెచ్చిన ఇటానియం పాత ప్రోగ్రాంల విషయంలో నత్తనడక నడవడం వల్ల, కొన్నవాళ్లు ఏఎండీ బాటనే మెచ్చారు; ఇంటెల్ కూడా మరుసటి ఏడాదే ఆ బాట పట్టింది. 2005 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ అదే ప్రాసెసర్లకు సరిపోయే విండోస్‌ను విడుదల చేసి, అందులో వావ్64 అనే ఉపవ్యవస్థను అమర్చింది. 64 బిట్ విండోస్ లోపల 32 బిట్ ప్రోగ్రాంలకు వాటి పాత లోకమే ఉన్నదన్న భ్రమ కలిగించడం దాని పని. ఒకే యంత్రంలో 32 బిట్, 64 బిట్ అనే రెండు నిర్మాణాలు కలిసి కాపురం చేసే మిశ్రమ నిర్మాణపు సర్వర్ ఇలా వాడుకలోకి వచ్చింది, ఇరవై ఏళ్లు దాటినా పోలేదు.

పోకపోవడానికి తెలుగునాట తగిన చరిత్రే ఉంది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కార్డ్ అనే పేరుతో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ మొదలైంది. దస్తావేజుల నకళ్లూ ఆస్తుల మార్కెట్ విలువలూ డేటాబేస్ నుంచి రావడం జిల్లాల్లో ఎందరికో కొత్త అనుభవం. అదే 1998లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ 6ను విడుదల చేసింది. కాటా యంత్రాల ప్రోగ్రాంలు, మిల్లుల ఖాతాలు, స్కూళ్ల ఫీజు లెక్కలు వంటి వాటిలో ఎన్నో ఆ విజువల్ బేసిక్ 6లోనో ఫాక్స్‌ప్రోలోనో తయారైనవే. ఈ రెంటిలో దేనికీ 64 బిట్ రూపం ఎన్నడూ రాలేదు. రాసినవాళ్లు వేరే ఊళ్లకు, వేరే కొలువులకు వెళ్లిపోయారు. మూల కోడ్ ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు అరుదు. లెక్క తప్పకుండా పనిచేస్తున్న ప్రోగ్రాంను కేవలం పాతబడిందని పారేయడానికి వ్యాపారి ఒప్పుకోడు, ఒప్పుకోనక్కరలేదు కూడా.

ఈ ప్రోగ్రాంలను డేటాబేస్‌తో కలిపే అమరికకు ఓడీబీసీ అని పేరు. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, యాక్సెస్ వంటి డేటాబేస్‌లలో దేని పద్ధతి దానిదే కాబట్టి, ప్రోగ్రాం రాసేవాడు ప్రతిదాని మర్మమూ నేర్చుకోనవసరం లేకుండా అందరికీ ఒకే పిలుపు పద్ధతిని ఏర్పరచాలన్న ఆలోచనతో 1992లో మైక్రోసాఫ్ట్ దీన్ని తెచ్చింది. ఓడీబీసీలో రెండు ముక్కలు ముఖ్యం. ఒకటి డ్రైవర్. తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన జహీరాబాద్ బజారులో బేరం తెగడానికి ఒక్కోసారి దుబాసీ అవసరమైనట్టే, ప్రోగ్రాం అడిగినదాన్ని ఆయా డేటాబేస్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పేది డ్రైవర్. రెండోది డేటా సోర్స్ నేమ్, వాడుకలో డీఎస్ఎన్: డేటాబేస్ ఏ సర్వర్ మీద ఉంది, దాని పేరేమిటి, ఏ డ్రైవర్ ద్వారా వెళ్లాలి అన్న వివరాలన్నిటికీ కలిపి పెట్టిన ఒక చిన్న పేరు. ప్రోగ్రాం ఆ పేరు పలికితే చాలు, మిగతావి విండోస్ వెతికి తెస్తుంది.

చిక్కంతా డ్రైవర్ ఎక్కడ నడుస్తుందన్న దానిలో ఉంది. అది తనకు తానుగా నడిచే ప్రోగ్రాం కాదు. అడిగిన ప్రోగ్రాం తన జ్ఞాపకశక్తిలోకే దాన్ని ఎక్కించుకుని, తనలో భాగంగా నడుపుకుంటుంది. 32 బిట్ ప్రోగ్రాం లోపలికి 64 బిట్ డ్రైవర్‌ను గాని, 64 బిట్ ప్రోగ్రాం లోపలికి 32 బిట్ డ్రైవర్‌ను గాని విండోస్ ఎక్కించనివ్వదు, ఎందుకంటే రెంటి చిరునామాల పొడవే వేరు. కనుక సర్వర్ ఎన్ని బిట్లది, డేటాబేస్ ఎన్ని బిట్లది అన్నవి ఈ సందర్భంలో అసలు ప్రశ్నలే కావు. డేటాబేస్ ఏ నిర్మాణం మీద ఉన్నా ఫరవాలేదు, దానితో మాట సాగేది నెట్‌వర్క్ మీద. కుదరవలసింది ప్రోగ్రాంకూ డ్రైవర్‌కూ మధ్యనే. సర్వర్ 64 బిట్‌ది కాబట్టి డ్రైవర్ కూడా 64 బిట్‌దే వేయాలన్న సహజమైన ఊహే అన్ని తప్పులకూ మొదలు.

ఆ ఊహను బలపరిచేలా విండోస్‌లో పేర్లు కూడా తలకిందులుగా ఉన్నాయి. విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్32, సిస్‌వావ్64 అని రెండు ఫోల్డర్లుంటాయి. మొదటి దానిలో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. రెండో దానిలో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. ఇది పొరపాటున జరిగినది కాదు. అప్పటికే లెక్కలేనన్ని ప్రోగ్రాంలు తమ కోడ్‌లో సిస్టమ్32 అన్న దారిని నేరుగా రాసుకుని ఉండడం వల్ల, వాటిని 64 బిట్‌కు మార్చుకునేటప్పుడు ఆ దారి చెదరకూడదని మైక్రోసాఫ్ట్ ఆ పేరును కొత్త ఫైళ్లకే ఉంచేసింది. ఇక పాత 32 బిట్ ప్రోగ్రాం సిస్టమ్32 అని అడిగితే, దానికి తెలియకుండానే విండోస్ దాన్ని సిస్‌వావ్64లోకి మళ్లిస్తుంది. ప్రోగ్రాంల సౌకర్యం కోసం మనుషుల సౌకర్యాన్ని వదులుకున్న నిర్ణయమిది. ఫలితం మాత్రం సర్వర్ల దగ్గర కూర్చున్నవాళ్లు అనుభవిస్తున్నారు. ఓడీబీసీ అమరికలు చేసే పనిముట్టు ఓడీబీసీఏడీ32 ఈ రెండు ఫోల్డర్లలోనూ ఉంటుంది, రెండుచోట్లా అదే పేరుతో. విండోస్ 8, సర్వర్ 2012 వచ్చేదాకా స్టార్ట్ మెనూలో దీని పేరు పక్కన ఏ నిర్మాణానిదో కూడా రాసి ఉండేది కాదు. అప్పట్లో 64 బిట్ విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ నుంచి వెళ్తే తెరుచుకునేది 64 బిట్ పనిముట్టే.

ఈ రెండు పనిముట్లూ రాసే చోట్లు కూడా వేరు. విండోస్ తన అమరికలన్నిటినీ దాచుకునే రిజిస్ట్రీలో, యంత్రమంతటికీ వర్తించే సిస్టమ్ డీఎస్ఎన్‌లను 64 బిట్ పనిముట్టు సాఫ్ట్‌వేర్ అనే శాఖ కింద నేరుగా రాస్తుంది; 32 బిట్ పనిముట్టు అదే శాఖలో వావ్6432నోడ్ అనే ఉపశాఖ కింద రాస్తుంది. 32 బిట్ ప్రోగ్రాం చదివేది ఆ ఉపశాఖనే.

కాటా గదిలో ఇది ఎలా కనిపిస్తుందో చూస్తే విషయం తేటపడుతుంది. కొత్త కంప్యూటర్ వచ్చిన తరువాత సర్వీసుకు వచ్చిన మనిషి 64 బిట్ పనిముట్టు తెరిచి, సిస్టమ్ డీఎస్ఎన్ అన్న ట్యాబ్‌లో యాడ్ నొక్కి, ఎస్‌క్యూఎల్ సర్వర్ డ్రైవర్‌ను ఎంచుకుని, ప్రోగ్రాంలో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, సర్వర్ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి, చివర టెస్ట్ డేటా సోర్స్ నొక్కుతాడు. పరీక్షలు విజయవంతంగా ముగిశాయన్న సందేశం పెద్దక్షరాల్లో వస్తుంది. తరువాత కాటా ప్రోగ్రాం తెరిస్తే ఐఎం002 అనే సంకేతంతో, అటువంటి డేటా సోర్స్ పేరు లేదనీ డ్రైవర్ కూడా చెప్పలేదనీ జవాబు వస్తుంది. లేదా ఐఎం014 అనే సంకేతంతో, డ్రైవర్‌కూ ప్రోగ్రాంకూ నిర్మాణం కుదరలేదని వస్తుంది. రెండో సందేశం వచ్చినవాడు ఒక రకంగా అదృష్టవంతుడు, ఎందుకంటే అది రోగాన్ని పేరు పెట్టి చెబుతుంది. మొదటిది వచ్చినప్పుడే తంటా: పేరు కళ్లెదుట కనిపిస్తుంటే లేదంటున్నదేమిటని పాస్‌వర్డ్ మార్చడం, ఫైర్‌వాల్ ఆపేయడం, డేటాబేస్‌ను తీసి మళ్లీ వేయడం మొదలవుతాయి. పరీక్ష నెగ్గింది నిజమే. కాని ఆ పరీక్ష చేసినది 64 బిట్ పనిముట్టు, 64 బిట్ డ్రైవర్‌తో. కాటా ప్రోగ్రాం తరఫున ఎవరూ పరీక్షించలేదు.

కాబట్టి మొదట తెలుసుకోవలసినది ప్రోగ్రాం నిర్మాణం. ప్రోగ్రాం నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే దాని పేరు పక్కన 32 బిట్ అని ఉంటుంది; లేకపోతే అది 64 బిట్‌దని అర్థం. 32 బిట్ అని తేలితే సిస్‌వావ్64 ఫోల్డర్‌లోని ఓడీబీసీఏడీ32ను, లేదా కొత్త విండోస్‌లలో 32 బిట్ అని స్పష్టంగా పేరున్న ఓడీబీసీ పనిముట్టును తెరిచి అదే పేరుతో డీఎస్ఎన్ చేయాలి. ఆ జాబితాలో కావలసిన డ్రైవర్ కనిపించకపోతే ఆ డ్రైవర్ 32 బిట్ రూపాన్ని వేసుకోవాలి. కొత్తగా వేసిన విండోస్‌లో 64 బిట్ డ్రైవర్ల జాబితా తెరిస్తే సాధారణంగా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కటే కనిపిస్తుంది. యాక్సెస్, ఎక్సెల్, డీబేస్ వగైరా పాత డ్రైవర్లు 32 బిట్ వైపునే ఉంటాయి. ఆ ఒక్క వరుసను చూసి డ్రైవర్లు పోయాయనుకుని, ఎక్కడెక్కడి సైట్ల నుంచో ఏవేవో దించి వేసేవాళ్లు తక్కువేమీ కాదు.

యూజర్ డీఎస్ఎన్ అనే మరో రకం ఉంది, అది ఒక్క వాడకందారుకు మాత్రమే చెందుతుంది. రిజిస్ట్రీలో దీనికి రెండు చోట్లు లేవు. రెండు నిర్మాణాల పనిముట్లకూ ఒకే జాబితా కనబడుతుంది. చూడటానికి ఇది సులువనిపిస్తుంది గాని, లోపలి డ్రైవర్ మాత్రం ఏదో ఒక నిర్మాణానిదే అయి ఉంటుంది. పైగా సర్వర్‌లో వెనకనుండి నడిచే సేవలూ వెబ్‌సైట్లూ వేరే ఖాతా పేరుతో నడుస్తాయి కాబట్టి వాటికి ఈ యూజర్ డీఎస్ఎన్ కనబడనే కనబడదు. సర్వర్ మీద సిస్టమ్ డీఎస్ఎన్ వాడటమే మేలు. వెబ్‌సైట్ల విషయంలో ఇంకో మార్గం కూడా ఉంది. విండోస్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్‌లో సైట్లను అప్లికేషన్ పూల్ అనే గుంపులుగా నడుపుతారు. ఒక పూల్ అధునాతన అమరికల్లో 32 బిట్ అప్లికేషన్లను అనుమతించే వరుసను ట్రూ అని మారిస్తే ఆ గుంపు మొత్తం 32 బిట్‌గా నడిచి, 32 బిట్ డ్రైవర్లను అందుకుంటుంది. పాత సైట్‌ను దాని సొంత పూల్‌లోకి వేరు చేసి, దానికొక్కదానికే ఈ మార్పు చేయాలి. మిగతా సైట్లను కూడా 32 బిట్ ఇరుకులోకి నెట్టడం అనవసరం. డాట్‌నెట్‌లో రాసిన ప్రోగ్రాంలలో కొన్ని ఏ నిర్మాణం దొరికితే దానిగా నడిచేలా తయారవుతాయి. రాసినవాడి కంప్యూటర్‌లో బాగా నడిచి సర్వర్‌లో మొరాయించే ప్రోగ్రాంలలో కొన్నింటి గుట్టు ఇదే.

రెండు వైపులా ఒకే పేరుతో డీఎస్ఎన్ చేసిపెట్టడం చాలామంది పాటించే పద్ధతి. ఎవరు అడిగినా పేరు దొరుకుతుంది కాబట్టి పని సాగిపోతుంది. అయితే డేటాబేస్‌ను మరో సర్వర్‌కు మార్చిన రోజున రెండుచోట్లా దిద్దాలన్నది గుర్తుండాలి. ఒకచోట మరిచిపోతే ఎర్రర్ రాదు, రావడమే మేలనిపించే పరిస్థితి వస్తుంది: బరువులు కొత్త డేటాబేస్‌లోకి వెళ్తుంటాయి, సాయంత్రం తీసే రిపోర్ట్ పాత డేటాబేస్ నుంచి వస్తుంది, రెండూ కలవని సంగతి రైతుకు డబ్బు చెల్లించేటప్పుడు బయటపడుతుంది. పాత సర్వర్‌ను తీసేసే ముందు కొన్ని రోజులు డేటాబేస్‌ను ఆఫ్‌లైన్‌లో ఉంచితే, ఇంకా దాని తలుపు తడుతున్న ప్రోగ్రాం ఏదో వెంటనే తెలిసిపోతుంది.

యాక్సెస్ ఫైళ్లతో నడిచే ప్రోగ్రాంలది వేరే కథ. ఎండీబీ ఫైళ్లను చదివే జెట్ 4.0కు 64 బిట్ రూపం లేదు. దాని వారసుడైన ఏసీఈకి ఆఫీస్ 2010 నుంచి రెండు రూపాలూ ఉన్నాయి, కాని ఒకే యంత్రంలో ఒక నిర్మాణపు ఆఫీస్ ఉండగా మరో నిర్మాణపు ఏసీఈని వేయబోతే ఇన్‌స్టాలర్ మామూలుగా ఒప్పుకోదు. టాలీ అనే ఖాతాల ప్రోగ్రాం వాడే ఆడిటర్ల దగ్గరా ఇదే ముడి ఎదురవుతుంది. టాలీ తన ఖాతాలను ఓడీబీసీ ద్వారా బయటికి ఇస్తుంది, మామూలుగా 9000 నంబరు పోర్ట్ మీద. దాని డీఎస్ఎన్ పేరు 32 బిట్‌లో టాలీఓడీబీసీ_9000, 64 బిట్‌లో టాలీఓడీబీసీ64_9000. నిర్మాణాన్ని పేరులోనే చేర్చడం మెచ్చుకోదగ్గ పని. ఎక్సెల్‌లోకి ఖాతాలు లాగాలనుకున్న గుమాస్తా చూసుకోవలసింది తన ఎక్సెల్ ఏ నిర్మాణానిదో.

నిర్మాణం కుదిరాక కూడా కనెక్షన్ రాకపోతే అప్పుడు మిగతా కారణాల వంతు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత రకమైన ఎక్స్‌ప్రెస్‌లో నెట్‌వర్క్ మీద మాట్లాడే టీసీపీ ఐపీ మార్గం మొదట మూసే ఉంటుంది, దాన్ని తెరవాలి. మామూలుగా వాడే 1433 పోర్ట్‌ను ఫైర్‌వాల్ అడ్డుకోకుండా చూడాలి. సర్వర్‌కు మారుపేరు పెట్టే క్లికాన్ఫిగ్ అనే పనిముట్టు కూడా సిస్టమ్32లో ఒకటి, సిస్‌వావ్64లో ఒకటి ఉంటాయి. డీఎస్ఎన్‌కు చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది. 2022లో వచ్చిన ఓడీబీసీ డ్రైవర్ 18 కనెక్షన్‌ను గుప్తీకరించడాన్ని తప్పనిసరిగా భావించి మొదలుపెడుతుంది. సర్వర్ చూపే ధ్రువపత్రాన్ని నమ్మలేకపోతే తిరస్కరిస్తుంది. దానికి సరైన ధ్రువపత్రం ఇవ్వడమే పద్ధతి; ధ్రువపత్రాన్ని కళ్లుమూసుకుని నమ్మమని చెప్పే వీలుంది గాని అది నాలుగు గోడల మధ్య ఉండే నెట్‌వర్క్‌కు తప్ప తగదు.

మిశ్రమ నిర్మాణమన్న మాటకు ఇప్పుడు మరో అర్థం కూడా తోడవుతోంది. ఇంటెల్, ఏఎండీల బాట కాకుండా ఫోన్లలో పుట్టి పెరిగిన ఆర్మ్ ప్రాసెసర్లు సర్వర్లలోకి వచ్చాయి. అమెజాన్ 2018లో గ్రావిటాన్ పేరుతో అటువంటివి తన క్లౌడ్‌లో అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది, అదే సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులో క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది. ఇక్కడ రెండు వైపులా 64 బిట్లే అయినా ఆదేశాల భాష వేరు. లినక్స్‌లో యూనిక్స్ఓడీబీసీ అనే అమరిక డ్రైవర్ ఫైలు ఎక్కడుందో ఓడీబీసీఇన్‌స్ట్ అనే పాఠ్య ఫైలులో రాసుకుంటుంది. ఇంటెల్ యంత్రం నుంచి ఆ ఫైలునూ డ్రైవర్‌నూ యథాతథంగా ఆర్మ్ యంత్రానికి తెస్తే, ఫైలు ఉన్నచోటే ఉన్నా తెరవడం కుదరలేదంటుంది. అప్పుడు చేయవలసినది ఫైల్ అనే ఆదేశంతో డ్రైవర్ నిర్మాణాన్ని చూసి, తయారీదారు దగ్గర ఆర్మ్ రూపం ఉంటే దాన్ని తెచ్చుకోవడం. లేకపోతే ఆ ఒక్క ప్రోగ్రాంను ఇంటెల్ యంత్రం మీదే ఉంచి, డేటాబేస్‌తో నెట్‌వర్క్ ద్వారా మాట్లాడించడం.